ఒక ఉపమానంతో ఒక వారం: చదవడం, నెమరువేయడం, చేతల్లో పెట్టడం

మా జేజికి చదువు రాదు. చర్చిలో విత్తువాని ఉపమానం మీద ప్రసంగం జరిగిన ప్రతి ఆదివారమూ ఇంటికి వచ్చి, చెప్పులు విడుస్తూనే ఒకే ప్రశ్న అడిగేది: "దోవలో విత్తనం పడతావుంటే ఆయప్ప చూసుకోకుండా ఎట్లుండె?" గొర్రు వెనక నడుస్తూ, జడ్డిగంలోకి గింజ వెనక గింజ వదిలిన చేతులు ఆమెవి. ఏడాదికి దాదాపు 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే కురిసే అనంతపురం జిల్లాలో, విత్తనానికి అప్పు తెచ్చి, పదును చూసి విత్తిన మనిషికి నాలుగు గింజలు దారిపాలు కావడమంటే ప్రాణం మీదికి వచ్చినంత పని. యేసు బోధించిన గలిలయలో విత్తనాన్ని చేత్తో వెదజల్లేవారనీ, చేల మధ్య కాలిదారులు ఉండేవనీ, అందుచేత కొంత విత్తనం దారిన పడక తప్పదనీ నేను చాలా ఏళ్ల తరువాత తెలుసుకొని చెప్పేనాటికి ఆమె లేదు. అయినా ఆ కథను మా ఇంట్లో నిజంగా విన్నది ఆమె ఒక్కతే అని ఇప్పుడు అనిపిస్తుంది. మేమందరం అర్థం తెలిసినవాళ్లం కాబట్టి వినడం మానేశాం.

సండేస్కూలు నాటినుంచి ఉపమానాలు వింటూ పెరిగి, వాటి పేర్లు చెప్పగానే ముగింపు గుర్తుకొచ్చి, అక్కడితో మనసు ఆగిపోయేవారి కోసం ఈ పద్ధతిని రాస్తున్నాను. నేను బోధకురాలిని కాను. బడిలో పాఠాలు చెప్పుకొనే మనిషిని, చర్చిలో వెనక వరుసలో కూర్చొని ముప్పై ఏళ్లుగా వింటున్నదాన్ని. దీనికి కావలసినవి బైబిలు, ఒక నోటుబుక్కు, రోజుకు ఇరవై నిమిషాలు. ఇంట్లో ఒంటరిగానైనా చేసుకోవచ్చు, నలుగురు కలిసినా చేసుకోవచ్చు.

మొదట ఒక్కటి ఎంచుకోండి

సువార్తల్లోని ఉపమానాలు, లెక్కపెట్టే తీరును బట్టి, ముప్పై నుంచి నలభై పైచిలుకు వరకు ఉంటాయి. దాదాపు అన్నీ మత్తయి, మార్కు, లూకా సువార్తల్లోనే ఉన్నాయి. రోజుకొకటి చొప్పున నెలలో అన్నీ ముగించాలనుకోకండి. ఒక వారానికి ఒక్కటి చాలు. ఎంచుకొనేటప్పుడు మీకు ఇష్టమైనదాన్ని కాక, ఇప్పుడు మీ ఇంట్లో నలుగుతున్న విషయానికి దగ్గరగా ఉన్నదాన్ని తీసుకోండి. అన్నదమ్ముల మధ్య ఆస్తి పంపకం నడుస్తూ ఉంటే లూకా 12వ అధ్యాయంలోని ధనవంతుని కథను, ఎవరిమీదైనా ఏళ్ల తరబడి పగ మిగిలి ఉంటే మత్తయి 18వ అధ్యాయం చివర ఉన్న, తన అప్పును రాజు కొట్టివేసినా తోటివాని అప్పు వదలని దాసుని కథను, కూలీలతోనో పనివాళ్లతోనో మీకు లావాదేవీలు ఉంటే మత్తయి 20లోని ద్రాక్షతోట కథను తీసుకోండి. పింఛను కోసమో పాసుపుస్తకం కోసమో ఆఫీసుల చుట్టూ తిరిగి అలసిపోయినవారికి లూకా 18లోని విధవరాలు తోడుగా నిలుస్తుంది. ఏదీ తోచకపోతే లూకా 15తో మొదలుపెట్టండి. అక్కడ మూడు కథలు వరుసగా ఉన్నాయి, ఎవరికైనా ఒకటి తగులుతుంది.

కథకు ముందున్న రెండు వచనాలను వదలకండి

ఇది చిన్న పనిగా కనబడుతుంది గాని, నా అనుభవంలో సగం ధ్యానం ఇక్కడే జరుగుతుంది. ఉపమానం ఊరకే చెప్పినది కాదు, ఎవరో అడిగినదానికో సణిగినదానికో జవాబుగా వచ్చినది. ఆ మనిషి ఎవరో, ఏం అడిగాడో చూసుకోకుండా కథలోకి దూకితే, జవాబు మాత్రం విని ప్రశ్నను పారేసినట్టు అవుతుంది. లూకా 12లో జనంలో నుంచి ఒకడు లేచి, పిత్రార్జితంలో తనకు పాలు పంచిపెట్టమని తన సహోదరునితో చెప్పమంటాడు. ఈ మాట మన ప్రాంతంలో ఏ రచ్చకట్ట మీదైనా వినబడేదే. అందుకు జవాబుగానే, కొట్లు విప్పి ఇంకా పెద్దవి కట్టించాలని ఆలోచిస్తూ ఆ రాత్రే ప్రాణం పోగొట్టుకొన్న ధనవంతుని కథ వచ్చింది. మత్తయి 18లో పేతురు ఏడుసార్ల మట్టుకు క్షమించాలా అని లెక్క అడిగాడు, లెక్కల కథతోనే జవాబు వచ్చింది. లూకా 10లో ధర్మశాస్త్రం తెలిసిన మనిషి "నా పొరుగువాడెవడు" అన్నాడు, దొంగలు కొట్టి దారిలో పడేసినవాణ్ణి యాజకుడు దాటిపోగా సమరయుడు ఆదుకొన్న కథ వచ్చింది. లూకా 15లో సుంకరులతో, పాపులతో కలిసి భోంచేస్తున్నాడని పెద్దమనుషులు సణిగారు.

ఆ ప్రశ్నను లేదా సణుగుడును మీ నోటుబుక్కులో మొదటి వరుసగా, మీరు ఇంట్లో మాట్లాడే తెలుగులో రాసుకోండి. "నా భాగం నాకు ఎప్పుడిస్తారు?" "ఇంక ఎన్నిసార్లు ఓర్చుకోవాల?" "అలాంటివాళ్లను ఇంట్లోకి ఎందుకు రానిస్తారు?" అలా రాసినప్పుడు ఆ మాట మీరే ఎప్పుడో ఒకరోజు అన్నట్టు గుర్తుకొస్తే, ఆ వారం మీరు ఎంచుకొన్న ఉపమానం సరైనదే.

బయటికి వినబడేలా చదవండి, పాత మాటల దగ్గర ఆగండి

కళ్లతో చదివితే తెలిసిన కథ జారిపోతుంది. మూడు రోజులు, రోజుకు ఒకసారి, నెమ్మదిగా, గొంతు విప్పి చదవండి. చదువు రాని పెద్దవాళ్లు ఇంట్లో ఉంటే వారికి చదివి వినిపించండి. వారు ఎక్కడ నవ్వుతారో, ఎక్కడ అడ్డు తగిలి ప్రశ్న వేస్తారో గుర్తు పెట్టుకోండి.

మన పాత తెలుగు బైబిలులోని కొన్ని మాటలు ఇప్పుడు వాడుకలో లేవు. వాటిని దాటవేయకండి. పూటకూళ్లవాడు అంటే డబ్బు తీసుకొని బసా భోజనమూ ఇచ్చేవాడు. సుంకరి రోమా ప్రభుత్వం కోసం పన్ను వసూలు చేసి, అందులో తన లాభమూ చూసుకొనేవాడు, అందుకే సొంత ఊరివాళ్లు కూడా అతని ముఖం చూసేవారు కారు. అర్థం తెలియని మాట తగిలితే బ్రౌను నిఘంటువు చూడండి. 1820లో కొలువు మీద కడపకు వచ్చి, ఇక్కడ తెలుగు గ్రంథాల మీద మనసు పడి, పండితులను పెట్టి తాళపత్రాలు పరిష్కరింపజేసిన బ్రౌను దొర కూర్చిన ఆ నిఘంటువులో ఈ కాలపు పదకోశాల్లో దొరకని పల్లెమాటలు కూడా ఉన్నాయి. కడపలో ఆయన నివసించిన చోట ఇప్పుడు ఆయన పేరుతోనే గ్రంథాలయం, పరిశోధన కేంద్రం నడుస్తున్నాయి.

పరిసయ్యుడు అన్న మాట విషయంలో మాత్రం ఒక జాగ్రత్త అవసరం. ఆ మాట వినగానే వేషధారి అనుకోవడం మనకు అలవాటైపోయింది. కథ విన్న నాటి జనానికి పరిసయ్యుడు నిష్ఠగా ఉపవాసముండి, సంపాదనలో పదో వంతు ఇచ్చే గౌరవనీయుడు. మన సంఘాల్లో ముందు వరుసలో కూర్చొని, కానుక తప్పకుండా వేసి, ఉపవాస ప్రార్థనలకు మానకుండా వచ్చే పెద్దను ఆ స్థానంలో పెట్టుకొని లూకా 18:9-14 చదివితే, ఇంటికి నీతిమంతుడుగా వెళ్లింది ఆయన కాదన్న మాట మింగుడుపడటం ఎంత కష్టమో తెలుస్తుంది. ఆ కష్టం తెలియకుండా చదివితే, "దేవా, నేను ఆ పరిసయ్యునివంటివాణ్ణి కానందుకు వందనం" అని మనమే ప్రార్థిస్తూ ఉంటాం.

కొలతలను మన కూలి లెక్కలోకి మార్చుకోండి

ఉపమానాల్లో సంఖ్యలు వచ్చిన ప్రతిచోటా పెన్సిలు తీసుకోండి. దేనారము ఆనాటి ఒకరోజు కూలి. తలాంతు దాదాపు ఆరు వేల దేనారములు. మన దగ్గర కూలి రోజుకు 500 రూపాయలు అనుకొని లెక్క వేయండి.

మత్తయి 18లో తోటి దాసుడు బాకీ ఉన్నది నూరు దేనారములు, అంటే 50,000 రూపాయలు. ఇది చిన్న మొత్తం కాదు. పొదుపు సంఘంలో తీసుకొన్న అప్పు అంత ఉంటుంది, దానికోసం నిద్ర పట్టని ఇళ్లు ఎన్నో ఉన్నాయి. ఇక రాజు మొదటి దాసునికి కొట్టివేసిన అప్పు పదివేల తలాంతులు, అంటే ఆరు కోట్ల రోజుల కూలి. మన లెక్కలో మూడు వేల కోట్ల రూపాయలు. ఏడాదికి 300 రోజులు పనిచేసినా తీర్చడానికి రెండు లక్షల ఏళ్లు పడుతుంది. "నాయెడల ఓర్చుకొనుము, నీకు అంతయు చెల్లింతును" అని అతడు రాజు కాళ్ల మీద పడి అన్నప్పుడు, ఆ మాటలోని అమాయకత్వమో అబద్ధమో ఈ లెక్క వేస్తే తప్ప కనబడదు. ఎదుటివాడు మనకు చేసిన అన్యాయం ఉత్తదని ఈ కథ ఎక్కడా అనదు, దానికి యాభై వేల బరువు ఇచ్చింది. ఆ నిజాయితీ నాకు చాలా విలువైనదిగా కనబడుతుంది.

అదే లెక్కతో మత్తయి 25లోని ఒక్క తలాంతును చూడండి: 30 లక్షల రూపాయలు, ఇరవై ఏళ్ల కష్టార్జితం. మన సంఘాల్లో తలాంతు అంటే పాట, వాయిద్యం, బైబిలు క్విజ్ అన్న అర్థం స్థిరపడిపోయింది గనుక, ఒక్క తలాంతు వచ్చినవాడిని ఏమీ లేని దీనుడిగా ఊహించుకొంటాం. అతడు గుంట తవ్వి పూడ్చింది 30 లక్షలు. మత్తయి 13లో స్త్రీ పులియబెట్టిన మూడు కుంచాల పిండి కూడా ఇంటి దోసెల పిండి లాంటిది కాదు, వందమంది పైగా తినే పెళ్లివంట.

కథ ఎక్కడ అడ్డం తిరిగిందో పట్టుకోండి

ప్రతి ఉపమానమూ లోకంలో జరిగే మామూలు సంగతితో మొదలై, ఒకచోట లోకంలో జరగనట్టు మలుపు తీసుకొంటుంది. ఆ చోటు కనబడితే దాని కింద గీత గీయండి. తన వాటా పంచుకొని పోయి అంతా పాడుచేసుకొని వచ్చిన కొడుకు ఇంకా దూరంగా ఉండగానే, పెద్దమనిషి పరుగెత్తడం అలాంటి చోటు. మన ఊళ్లలో తెల్లపంచె కట్టుకొన్న పెద్దాయన వీధిలో పరుగెత్తితే ఇంటిమీద ఏదో పిడుగు పడిందని జనం బయటికి వస్తారు. అరుగు మీద కూర్చొని "రానీలే, చూస్తా" అనడమే మనకు తెలిసిన మర్యాద.

ఈ దశలో ప్రతి వస్తువుకూ ఒక గూఢార్థం అంటగట్టాలని మనసు లాగుతుంది. మంచి సమరయుని కథలో పూటకూళ్ల ఇల్లు సంఘమనీ, పూటకూళ్లవాడు పౌలు అనీ తొలి శతాబ్దాల సంఘ పండితుడు అగస్టీనువంటి మహానుభావుడు వ్యాఖ్యానించాడు. ఆయన భక్తి మీద నాకు గౌరవం ఉంది. కానీ దినదిన జీవితంలో నడవడానికి ఆ దారి పనికిరాదని నా అభిప్రాయం. ప్రతిదానికీ అర్థం దొరికాక గాయపడినవాడు దారిలోనే పడి ఉంటాడు. విత్తువాని కథకూ గురుగుల కథకూ యేసే వివరణ ఇచ్చాడు, వాటిని అలాగే తీసుకోండి. మిగిలినవాటిలో ఆ ఒక్క మలుపును పట్టుకొని ఉండండి.

ఇష్టంలేని మనిషి చోట నిలబడండి

నాలుగో రోజుకు కథలోని మనుషులందరి పేర్లూ ఒక వరుసలో రాసి, వీరిలో మీరు ఎవరు కాకూడదని కోరుకొంటారో వారి పక్కన గుర్తు పెట్టండి. ఆ రోజు ఇరవై నిమిషాలూ ఆ మనిషి చోటనుంచే కథను చూడాలి. ఇది ఎందుకు అవసరమో నా సొంత సంగతితో చెబుతాను.

లూకా 15ను నేను నలభై ఏళ్లు తప్పిపోయిన కుమారుని కథగానే విన్నాను. మా తమ్ముడు నాయన పోయాక తన వంతు చేను అమ్ముకొని బెంగళూరు వెళ్లాడు. ఆరేళ్లలో రెండుసార్లు ఫోను చేశాడు. అమ్మకు కళ్లలో శుక్లాలు తీయించినప్పుడు, తుంటి విరిగి మంచాన పడినప్పుడు నేను ఉన్నాను. ఒకరోజు సాయంత్రం బడినుంచి వచ్చేసరికి గుమ్మంలో తెలియని చెప్పులు, లోపలినుంచి ఓళిగల వాసన. డెబ్భై ఏళ్ల అమ్మ, నేను ఎన్నోసార్లు పొయ్యి దగ్గరికి పోవద్దని చెప్పిన మనిషి, కూర్చొని పూర్ణం రుబ్బి ఓళిగలు కాలుస్తోంది. నేను లోపలికి వెళ్లలేదు. ఆ రోజు మా వీధికి నీళ్లు వచ్చే రోజు. బయట కొళాయి కింద బిందె పెట్టి నిలబడ్డాను. మాకు రోజు విడిచి రోజు నీళ్లు. చెంబెడు నీళ్లు వృథా అయితే వీధంతా తిట్టే ఊరు. బిందె నిండింది. నీళ్లు అంచు దాటి, చీర కుచ్చిళ్లు తడిపి, కాలవలోకి పోతున్నాయి. నాకు తెలుస్తూనే ఉంది, కానీ కొళాయి కట్టడానికి చేయి రాలేదు. అమ్మ గోడ పట్టుకొని బయటికి వచ్చి, తనే కొళాయి తిప్పి, "నీళ్లు పోతాండాయి, లోపలికి రామ్మా" అంది. నేను ఆమెతో అన్న మాట ఇది: "నీ కొడుకు వచ్చినాడు కదా, నేనెందుకు?"

చాలా నెలల తరువాత, ఈ పద్ధతిలోనే ఆ అధ్యాయం చదువుతూ ముప్పయ్యో వచనం దగ్గర ఆగిపోయాను. పెద్దకొడుకు తండ్రితో "నా తమ్ముడు" అనడు, "యీ నీ కుమారుడు" అంటాడు. రెండు వచనాల తరువాత తండ్రి ఆ మాటను సరిదిద్ది "యీ నీ తమ్ముడు" అని తిరిగి అతని చేతిలో పెడతాడు. నేను అంతకు ముందు ఎన్నిసార్లు చదివినా ఆ ఒక్క మాట తేడా చూడలేదు, ఎందుకంటే ఎన్నడూ పెద్దకొడుకు చోట నిలబడలేదు. అతడు సోమరి కాదు, దుష్టుడు కాదు, చెప్పిన పని మానినవాడు కాదు. పొలంనుంచి అలసిపోయి వచ్చినవాడు. తండ్రి ఆ రోజు ఇద్దరు కొడుకుల కోసం రెండుసార్లు ఇల్లు దాటి బయటికి వచ్చాడు.

మీరు ఎంచుకొన్న కథలో అలాంటి మనిషి ఎవరో మీకే తెలుస్తుంది. సమరయుని కథలో యాజకుడు కావచ్చు, తోట కథలో పొద్దున్నుంచీ ఎండలో మాడి, చివరికి వచ్చినవారితో సమానంగా కూలి అందుకొన్న పనివాడు కావచ్చు. అతని తరపున వాదించండి, అతనికి ఉన్న న్యాయమంతా రాయండి. అప్పుడు మాత్రమే కథలోని జవాబు మీకు చెప్పినట్టు వినబడుతుంది.

పేరు, రోజు, పని రాసుకోండి

అయిదో రోజున అన్వయం. "ఇకనుంచి అందరినీ ప్రేమిస్తాను", "క్షమాగుణం పెంచుకొంటాను" అని రాస్తే అది అన్వయం కాదు, ప్రసంగం చివరి మాట. రాయవలసినవి మూడు: ఒక మనిషి పేరు, ఒక రోజు, చేతులతో చేయగల ఒక పని. "శనివారం పొద్దున తమ్ముని ఇంటికి పోయి అమ్మ మందుల చీటీ చూపించి, వచ్చే నెల ఆసుపత్రికి నువ్వు తీసుకుపో అని అడుగుతాను" అన్నంత కచ్చితంగా ఉండాలి. పని చిన్నదైనా పరవాలేదు, శనివారం రాత్రికి జరిగిందో లేదో అనుమానం లేకుండా చెప్పగలిగేది కావాలి.

ద్రాక్షతోట కథతో దీన్ని చూపిస్తాను. యజమాని పొద్దున్నే ఒకసారి, తొమ్మిదికి, పన్నెండుకు, మూడుకు, చివరికి సాయంత్రం అయిదుకు కూలీల కోసం వెళతాడు. అయిదు గంటలకు ఇంకా నిలబడి ఉన్నవారిని ఎందుకు ఊరకే నిలిచియున్నారని అడిగితే, తమను ఎవరూ కూలికి పెట్టుకోలేదంటారు. తెల్లవారుజామున మన పట్టణాల్లో కూలీలు నిలబడే అడ్డాలను ఒకసారి చూడండి. మేస్త్రీలు వచ్చి ముందు ఎవరిని పిలుస్తారు? కండ ఉన్న కుర్రవాళ్లను. పది గంటల దాకా టిఫిను క్యారియరు చేతిలో పట్టుకొని మిగిలిపోయేది ముసలివాళ్లు, దగ్గుతున్నవాళ్లు, చంకలో బిడ్డ ఉన్న తల్లులు. ఆదోని, కోసిగి, మంత్రాలయం వైపు పల్లెలనుంచి పంటలు లేని ఏడు ఇంటికి తాళం వేసి గుంటూరు వైపు మిరపకాయలు కోయడానికి సుగ్గికి పోయేవారికి ఆ అయిదు గంటల నిలుపు ఏమిటో ఎవరూ చెప్పనక్కరలేదు. చివర వచ్చినవారికీ పొద్దుపోయేసరికి ఒక దేనారమే ఇచ్చాడంటే, ఆ ఇంట్లో ఆ రాత్రి పొయ్యి వెలగడానికి కావలసినంత ఇచ్చాడన్నమాట. మొదటివారు సణిగినప్పుడు ఆయన అడిగిన ప్రశ్నను మన తెలుగు బైబిలు ఎంత సూటిగా అనువదించిందో చూడండి: నేను మంచివాడనైనందున నీకు కడుపుమంటగా ఉన్నదా?

ఈ కథనుంచి ఒక వారానికి సరిపోయే పనులు మన ఇంట్లోనే ఉన్నాయి. అంట్లు తోమే ఆమెకు నెల జీతం ఒకటో తేదీనే, ఆమె అడగకముందే ఇవ్వడం. ఆమె జ్వరంతో మానేసిన రెండు రోజులకు కోత వేయకపోవడం. చేలో కలుపు తీసినవారికి "రేపు రాండి" అనకుండా ఆ సాయంత్రమే కూలి చేతిలో పెట్టడం. పొద్దు గుంకకముందే కూలి ఇవ్వాలని ద్వితీయోపదేశకాండము 24వ అధ్యాయం ఎప్పుడో చెప్పింది. మేము కొన్నాళ్లు ఇల్లు కట్టుకొంటున్నప్పుడు ఇటుకలు మోసిన ముసలాయనను డబ్బు కోసం మూడుసార్లు తిప్పించాం, చిల్లర లేదన్నది మా సాకు. ఆ మూడో సారి ఆయన గేటు దగ్గర కూర్చొని ఎదురుచూసిన రాయి ఇప్పటికీ అక్కడే ఉంది.

మంచి సమరయుని కథకు మన ప్రాంతంలో మరీ సూటి అన్వయం ఉంది. యెరూషలేమునుంచి యెరికోకు పోయే దారి దాదాపు 27 కిలోమీటర్లు, అంతలోనే వెయ్యి మీటర్ల దిగుడు, కొండల మధ్య నిర్మానుష్యం. మనకు కర్నూలునుంచి డోన్, గుత్తి, అనంతపురం, పెనుకొండల మీదుగా పోయే 44వ నెంబరు జాతీయ రహదారి ఉంది. రాత్రిపూట మోటారు సైకిలు పక్కన మనిషి పడి ఉంటే, కేసుల్లో ఇరుక్కొంటామన్న భయంతో ప్రక్కగా పోయేవారు యాజకుని కంటే కఠినులేమీ కారు, భయస్థులు మాత్రమే. ఆ భయం తీర్చడానికి చట్టం వచ్చింది. సుప్రీంకోర్టు 2016లో ఇచ్చిన ఆదేశాల తరువాత, మోటారు వాహనాల చట్టంలో 2019లో 134ఎ సెక్షను చేర్చారు. సదుద్దేశంతో క్షతగాత్రునికి సాయం చేసినవారి మీద సివిలు బాధ్యతగాని క్రిమినలు బాధ్యతగాని ఉండదని అది చెబుతుంది. పేరు, చిరునామా చెప్పమని మిమ్మల్ని బలవంతపెట్టడానికి కూడా వీల్లేదు. చట్టంలో ఆ సాయం చేసినవారికి పెట్టిన పేరు గుడ్ సమారిటన్, అంటే ఈ కథలోని మంచి సమరయుడే. కనుక ఈ వారపు పనిగా ఈ విషయాన్ని ఇంట్లో బండి నడిపే పిల్లలకు చెప్పి, 108కు ఫోను చేసి చోటు ఎలా చెప్పాలో, రక్తం కారే గాయాన్ని శుభ్రమైన గుడ్డతో ఎలా అదిమి పట్టాలో నేర్పండి. ఇంకొక సంగతి కూడా గమనించండి: సమరయుడు గాయం కట్టి వదిలిపోలేదు. రెండు దేనారములు, అంటే మన లెక్కలో వెయ్యి రూపాయలు, ఇచ్చి, తిరిగి వచ్చేటప్పుడు మిగిలినది తీరుస్తానన్నాడు. ఆసుపత్రిలో చేర్చిన మరునాడు క్యారియరు పట్టుకొని వెళ్లి చూడటం కథలోని ఆ రెండో సగం.

మిగతా ఉపమానాలకు పనులు మీకే తోస్తాయి. పోయిన నాణెం కథకు, మాటలు మానేసిన ఒక స్నేహితురాలికి ఫోను చేయవచ్చు. ఫలించని అంజూరపు చెట్టు కథకు, మీరు మొద్దు అని వదిలేసిన పిల్లవాడితో రోజూ అరగంట కూర్చోవచ్చు. చీనీతోట ఉన్నవారికి పాదు తవ్వి ఎరువు వేయడమంటే ఎంత చాకిరీయో తెలుసు, ఆ తోటమాలి అడిగింది ఆ చాకిరీకి ఇంకొక ఏడాది గడువు.

ఇవి చేయకండి

ఉపమానాన్ని ఎదుటివారి మీదికి విసరకండి. "నువ్వు ఆ రాతినేల లాంటివాడివి" అని భర్తతోనో కొడుకుతోనో అన్న క్షణాన ఆ కథ మీ చేతిలోనుంచి పోయినట్టే. మన ఎర్రనేలల్లో జానెడు మన్ను కింద రాయి తగిలే చేలు అందరికీ తెలుసు. వాన పడగానే పచ్చగా లేచి, నాలుగు ఎండలకు వాడిపోయే ఆ మొలకలు ఎవరి గురించో వెతకకుండా, గత ఏడాది మీరు ఉత్సాహంగా మొదలుపెట్టి మానేసినవి ఏవో ఆ కథ చదివే వారంలో రాసుకోండి.

అంతకంటే ముఖ్యమైనది మరొకటి. మత్తయి 18లోని క్షమాపణ కథను చూపించి, దెబ్బలు తిన్న ఆడపిల్లను తిరిగి అదే ఇంటికి పంపడం నేను చూశాను, పెద్దల మధ్య కూర్చొని నోరు మెదపకుండా చూశాను. అది ఆ ఉపమానానికి చేసిన ద్రోహం. అదే అధ్యాయంలో, కథకు ముందు 15 నుంచి 17 వరకు ఉన్న వచనాలు చదవండి: తప్పు చేసినవాణ్ణి ముఖాముఖిగా నిలదీయమనీ, వినకపోతే సాక్షులను తీసుకుపొమ్మనీ, అప్పటికీ వినకపోతే సంఘానికి తెలియజెప్పమనీ అక్కడ ఉంది. క్షమించడం వేరు, కొట్టే చేతికి మళ్లీ అందేంత దూరంలో కూర్చోవడం వేరు. మీ పరిచయంలో అలాంటి స్త్రీ ఉంటే, మీ ఈ వారపు పని ఆమెకు 181 మహిళా సహాయవాణి నెంబరు ఇచ్చి, పక్కన కూర్చొని ఫోను చేయించడమే.

నలుగురు కలిసి చేసేటప్పుడు

ఇంటి ప్రార్థనల్లో ఈ పద్ధతి పాటించేవారు ఒకరు చదవగా మిగిలినవారు పుస్తకాలు మూసి వినాలి. తరువాత ఒక్కొక్కరు ఒక్క ప్రశ్న మాత్రమే చెప్పాలి, జవాబులు ఆ రాత్రికి వద్దు. చదువుకొన్నవారిని చివర మాట్లాడమనండి. లేకపోతే మా జేజివంటివారు నోరు విప్పరు. ప్రొద్దుటూరులో మా బంధువుల ఇంట ఇలా పోయిన నాణెం కథ చదివినప్పుడు, మగ్గం పని చేసే ఒక పెద్దామె, దీపం పెట్టి ఊడ్చేదాకా ఆ యమ్మకు ఇంట్లో ఎంత దుమ్ము ఉందో తెలిసుండదని అంది. పది నిమిషాలు ఎవరం మాట్లాడలేదు. ఏ ప్రసంగంలోనూ ఆ మాట నేను వినలేదు.

శనివారం రాత్రి నోటుబుక్కు తెరిచి, రాసుకొన్న పని ఎదురుగా జరిగిందనో జరగలేదనో ఒక్క మాట, తేదీ వేయండి. జరగకపోతే కారణం రాయండి, సంజాయిషీ రాయకండి. అదే ఉపమానంతో మరో వారం ఉండండి. కొన్ని కథలు నాతో రెండు మూడు నెలలు ఉన్నాయి.

లూకా 15 చివరికి వచ్చినప్పుడు మాత్రం ఒక గీత ఖాళీగా వదలండి. పెద్దకొడుకు లోపలికి వెళ్లాడో లేదో అక్కడ రాసి లేదు. తండ్రి మాటతోనే కథ ఆగిపోతుంది. నా నోటుబుక్కులో ఆ గీత మీద మొదటి తేదీ పక్కన "వెళ్లాను, తినలేదు" అని ఉంది. దాని కింద, పద్నాలుగు నెలల తరువాతి తేదీ పక్కన, తమ్ముని పిల్లలు వచ్చిన పండుగ రోజున, "రెండు ఓళిగలు, నెయ్యితో" అని ఉంది.